వెనక సీట్లో అమ్మ

"ఈ వయసులో నీకు రేసు డ్రైవింగు ఏంటికి?" అని మా ఆయన అడిగినప్పుడు నేను పప్పుకి తిరగమోత పెడుతున్నాను. ఆవాలు చిటపటలాడుతున్నాయి కదా, వినపడనట్టు ఊరుకున్నాను. నిజానికి అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడుంది. ఆయనకి ఎలాగూ చెప్పాను, మీకూ చెబుదామని ఇది రాస్తున్నాను. ముఖ్యంగా, లైసెన్సు తీసుకుని దాన్ని బీరువాలో పట్టుచీరల కింద దాచుకున్న నాలాంటి వాళ్ళకి.

మాది ఆదోని. పుట్టిల్లు ఎమ్మిగనూరు. మధ్యలో సుమారు ముప్పై కిలోమీటర్లు. పెళ్ళయిన కొత్తలో బస్సులో, తర్వాత మా ఆయన స్కూటర్ వెనక, ఆ తర్వాత కారులో పక్క సీట్లో కూర్చుని ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. కానీ ఆ దారిలో ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో పోయిన శీతాకాలం దాకా నాకు తెలియదు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకి అవి లెక్కలోకి రావు.

పోయిన దీపావళికి ముందు మా అమ్మ బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. కుట్లు విప్పాక వారానికి రెండుసార్లు ఆదోనికి వచ్చి ఫిజియోథెరపీ చేయించుకోవాలన్నారు. "మా ఇంట్లోనే ఉండిపో అమ్మా, మూడు నెలలే కదా" అని బతిమాలాను. "కూతురింట్లో ఎన్ని దినాలు పడి ఉండేది?" అంది. మా తమ్ముడి దగ్గర కారు లేదు. మా ఆయన పని జిన్నింగు మిల్లులో. ఆదోని సంగతి మీకు తెలుసు కదా, పత్తి వచ్చే కాలంలో మార్కెట్ యార్డు ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మిల్లు మనిషి ఆ మూడు నాలుగు నెలలు ఇంటికి అన్నానికి వచ్చినా ఫోను చెవి నుంచి తీయడు. ఇక మిగిలింది నేను, బీరువాలో నా లైసెన్సు.

అప్పటిదాకా నా డ్రైవింగు అంటే పిల్లల ట్యూషను, కూరగాయలు, శనివారం రణమండల ఆంజనేయస్వామి కొండ కింద దాకా. ఊరి బయటికి ఒక్కదాన్నే తోలింది తక్కువ. అయినా ధైర్యం చేశాను.

మొదటి ప్రయాణం ఇప్పటికీ తలుచుకుంటే నా కడుపులో దేవినట్టవుతుంది. వెనక సీట్లో అమ్మ, తుంటి కింద దిండు, పక్కన మా మరదలు. ఎమ్మిగనూరు దాటి కోటేకల్ వచ్చేలోపే అమ్మ తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుంది. గొర్రెల మంద అడ్డం వచ్చినా, పత్తి ట్రాక్టరు ముందు నెమ్మదించినా, ఊరు వచ్చినా నేను మూడో గేరు నుంచి రెండో గేరుకి వేసేదాన్ని. వేసి క్లచ్ వదలగానే కారు ముందుకు ఒక మొట్టికాయ తిన్నట్టు ఆగి, మళ్ళీ కదిలేది. అద్దంలో అమ్మ ముఖం చూశాను. కళ్ళు మూసుకుని పెదవి కొరుక్కుంటోంది. ప్రతి స్పీడు బ్రేకరుకీ ఆమెకి రెండు నొప్పులు. ఒకటి రోడ్డు పెట్టేది, రెండోది నేను పెట్టేది.

తిరుగు ప్రయాణంలో ఇల్లు చేరాక అమ్మ నా చెయ్యి పట్టుకుని, చాలా మెల్లగా, నేను నొచ్చుకోకూడదని, "పాపా, వచ్చే తూరి ఆటోలో పోదామా?" అంది.

విరిగిన తుంటితో ముప్పై కిలోమీటర్లు ఆటోలో! నా కారు కన్నా అదే మేలనిపించింది మా అమ్మకి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయనని అడిగితే "క్లచ్ మెల్లగా వదులు, అంతే" అన్నాడు. డ్రైవింగు నేర్పినాయన ఏడేళ్ళ కిందట చెప్పిందీ అదే. మెల్లగా వదిలి చూశాను. కుదుపు తగ్గింది కానీ పోలేదు. పైగా క్లచ్ సగంలో ఎక్కువసేపు పెడితే ఒక రకమైన మాడు వాసన. "ఎందుకు కుదుపు వస్తుంది?" అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు. "అలవాటైతే పోతుంది" అన్నారు. ఎవరికి అలవాటైతే? నాకా, మా అమ్మ తుంటికా?

జవాబు మా వీధి చివర దొరికింది. అక్కడ ఒక చాచా ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆదోని నుంచి పత్తి బేళ్ళు వేసుకుని దూరప్రాంతాలకి లారీ తోలినవాడు. ఇప్పుడు కళ్ళు సరిగా కనపడక అరుగు మీద కూర్చుంటాడు. నేను కారు సందులోకి తిప్పినప్పుడల్లా ఆ చప్పుడు వింటాడన్నమాట. ఒకరోజు పిలిచి, "అమ్మా, నీ బండి ఏడుస్తాంది, నీకు వినపడ్లేదా?" అన్నాడు.

చాచా చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

ఇంజను ఒక వేగంతో తిరుగుతుంది. చక్రాలు ఒక వేగంతో తిరుగుతాయి. గేరు ఆ రెండింటికీ మధ్య లెక్క. మా కారులో గంటకి 30 కిలోమీటర్ల వేగంలో మూడో గేరులో ఉంటే డాష్‌బోర్డు మీద ఇంజను సూది 1500 దగ్గర ఉంటుంది. అదే 30 కిలోమీటర్ల వేగంలో రెండో గేరులో ఉండాలంటే ఇంజను 2200 పైన తిరగాలి. కింది గేరుకి పోయిన ప్రతిసారీ ఇంజను వేగం పెరగాలి, తగ్గకూడదు. కానీ నేను చేసేదేమిటి? క్లచ్ తొక్కి, యాక్సిలరేటరు మీద కాలు తీసేసి, తీరిగ్గా గేరు మారుస్తాను. ఈలోపు ఇంజను ఏ బరువూ లేక 900కి పడిపోతుంది. అప్పుడు క్లచ్ వదులుతాను. 900 దగ్గర కునుకు తీస్తున్న ఇంజనుని చక్రాలు జుట్టు పట్టుకుని 2200కి లాగాలి. ఆ లాగుడే మా అమ్మ తుంటిలో పోటు. క్లచ్ మెల్లగా వదిలితే ఆ లాగుడు కాస్త సాగుతుంది, ఆ భారమంతా క్లచ్ ప్లేటు రాపిడి మీద పడుతుంది. మాడు వాసన అదే.

"కదిలే బస్సు ఎక్కేవాడు ఏం చేస్తాడు?" అని అడిగాడు చాచా. "పక్కన నాలుగు అడుగులు ఉరికి, బస్సుతో సమానంగా అయినాక కడ్డీ పట్టుకుంటాడు. నిలబడిన చోటి నుంచి పట్టుకుంటే భుజం ఊడుతుంది. నీ ఇంజను నిలబడి పట్టుకుంటాంది అమ్మా. ముందు దాన్ని ఉరికించు."

ఉరికించడం అంటే ఇదే. ముందు బ్రేకుతో వేగం తగ్గించుకోవాలి. తర్వాత క్లచ్ పూర్తిగా తొక్కి, గేరు కిందికి వేస్తూ, కుడికాలితో యాక్సిలరేటరుని ఒక్కసారి చిన్నగా తట్టాలి. తొక్కడం కాదు, తట్టడం. ఇంజను "ఊఁ" అని పైకి లేస్తుంది. అది లేచి ఉన్నప్పుడే క్లచ్ వదలాలి. రెండు వేగాలూ కలుస్తాయి. కుదుపు ఉండదు. ఇంగ్లీషులో దీన్ని రెవ్ మ్యాచింగ్ అంటారని తర్వాత మా అబ్బాయి చెప్పాడు. చాచాకి ఆ పేరు తెలియదు. ఆయన తోలిన పాత లారీల్లో ఇది సరదా కాదు, తప్పనిసరి. గేరు పళ్ళ వేగాల్ని దానంతట అదే కలిపే సింక్రోమెష్ అనే ఏర్పాటు 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో మొదలైంది కానీ, మన లారీల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. అది లేని బండిలో క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఒకసారి న్యూట్రలుకి, మధ్యలో ఇంజను లేపి, మళ్ళీ ఒకసారి గేరుకి. లేకపోతే గేరు పడనే పడదు, కరకరమని అరుస్తుంది. ఇప్పటి కారు మన తప్పుని మన్నించి గేరు తీసుకుంటుంది. గేరు పడింది కదా అని మనం సరిగా తోలుతున్నామనుకుంటాం. కుదుపు మాత్రం వెనక సీటుకి చేరుతుంది.

రోజూ పొద్దున్నే ఆరింటికి, పిల్లల టిఫిన్ పనికి ముందు, ఊరి బయట ఖాళీ రోడ్డు మీద సాధన మొదలుపెట్టాను. పక్క సీటు ముందు కింద ఒక కొబ్బరికాయ పెట్టుకున్నాను. బ్రేకుకి కూడా అది దొర్లుతుంది కదా అంటారేమో. బ్రేకుకి మెల్లగా దొర్లుతుంది, గేరు కుదుపుకి టప్పుమని తగులుతుంది. తేడా చెవికి తెలుస్తుంది. మొదటి నాలుగు రోజులు టప్పు, టప్పు, టప్పు. తట్టడం ఎక్కువైతే కారు ముందుకి దూకేది, తక్కువైతే ఆగి తూలేది, ఆలస్యమైతే తట్టినా తట్టనట్టే. తొమ్మిదో రోజున వరసగా ఆరుసార్లు టప్పు వినపడలేదు. ఆ కొబ్బరికాయని తీసుకుపోయి ఆంజనేయస్వామికి కొట్టాను.

ఈ సాధన చేస్తున్నప్పుడు నాకు మాటిమాటికీ మా అమ్మ మగ్గమే గుర్తొచ్చేది. ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని మాచాని సోమప్ప గారు 1938లో స్థాపించారు. మా ఊళ్ళో ఎన్నో ఇళ్ళు ఆ మగ్గాల మీదే నిలబడ్డాయి. మా అమ్మ కూడా గుంట మగ్గం మీద కూర్చుని నేసిన మనిషే. కింద గుంటలో కాళ్ళు చెక్కలు తొక్కుతుంటాయి, పైన ఒక చెయ్యి నాడెని ఆడిస్తుంటుంది, ఇంకో చెయ్యి పోగుని దగ్గరికి కొడుతుంటుంది. కాలు తొక్కి పోగులు విడవకముందే నాడె వదిలితే దారం తెగుతుంది. కాళ్ళకీ చేతులకీ వేరువేరు పనులు, కానీ ఒకే లెక్క. చిన్నప్పుడు గుమ్మంలో కూర్చుని ఆ చప్పుడు వింటూ చదువుకున్నదాన్ని. గేరూ క్లచ్చూ ఆడవాళ్ళ కాళ్ళకీ చేతులకీ కుదరవని ఎవరైనా అంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. మగ్గం తొక్కిన ఆడవాళ్ళ ఊరు మాది.

ఇక రెండో సంగతి, మా ఆయన రేసు అన్నదానికి కారణం. బెంగళూరులో చదువుకుంటున్న మా అబ్బాయికి నేను రెవ్ మ్యాచింగ్ నేర్చుకుంటున్నానని తెలిసి వాడికి ఎక్కడలేని హుషారు వచ్చింది. "అమ్మా, దీని తర్వాత హీల్ అండ్ టో ఉంది" అని ఒక పాత వీడియో పంపాడు. బ్రెజిల్ రేసు డ్రైవరు అయిర్టన్ సెన్నా జపాన్‌లోని సుజుకా ట్రాకు మీద హోండా ఎన్ఎస్ఎక్స్ తోలుతుంటే ఆయన పాదాలనే దగ్గరగా చూపిస్తారు. మామూలు బూట్లు, తెల్ల సాక్సులు. కుడిపాదం ముందు భాగం బ్రేకు మీద గట్టిగా ఉంటుంది. అదే పాదం అంచు మధ్యమధ్యలో యాక్సిలరేటరుని టపటపా తడుతుంటుంది. ఎడమకాలు క్లచ్ మీద. అంటే బ్రేకు వదలకుండానే ఇంజనుని లేపుతూ గేరు దించుతున్నాడు. నేను ఒకదాని తర్వాత ఒకటి చేసేదాన్ని ఆయన ఒకేసారి చేస్తున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ వీడియో పదిసార్లు చూశాను. రెండు పాదాలు మూడు పెడళ్ళ మీద నాట్యం చేసినట్టుంది.

ఒక ఆదివారం పొద్దున ఊరి బయట పెద్ద ఖాళీ మైదానంలో నేనూ ప్రయత్నించాను. చీర కాదు, చుడీదారు. చెప్పులు కాదు, అడుగు చదునుగా ఉన్న బూట్లు. మొదటిసారి మడమ యాక్సిలరేటరుకి అందనే లేదు. రెండోసారి అందింది కానీ, దాన్ని అందుకోవాలన్న ధ్యాసలో బ్రేకు మీద పట్టు తగ్గింది. మూడోసారి పాదం బ్రేకు మీద నుంచి జారి పూర్తిగా యాక్సిలరేటరు మీద పడింది. ఇంజను గట్టిగా అరిచింది. క్లచ్ తొక్కి ఉంది కాబట్టి కారు దూకలేదు. ముందు మైదానం ఖాళీగా ఉంది కాబట్టి ఏమీ కాలేదు. అదే మైదానం కాకుండా కోటేకల్ దగ్గరో, బడి వదిలే వేళ ఏ ఊరి నడిమధ్యో అయితే? కారు ఆపి, నీళ్ళు తాగి, కాసేపు అలాగే కూర్చున్నాను.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. రెవ్ మ్యాచింగ్ ప్రతి ఇల్లాలూ నేర్చుకోవలసిన విద్య. హీల్ అండ్ టో రోడ్డు మీద మనకి అక్కరలేని విద్య. అది ఒక్క క్షణం కూడా బ్రేకు వదలడానికి వీల్లేని రేసు ట్రాకు కోసం పుట్టింది. ఆదోని, ఎమ్మిగనూరు రోడ్డు మీద మనకి ఆ తొందర లేదు. ముందు బ్రేకు, తర్వాత క్లచ్, తట్టు, గేరు. ఒకదాని తర్వాత ఒకటి చేయడానికి మనకి బోలెడు సమయం ఉంటుంది, ముందుగానే చూసుకుని తోలితే. పైగా కొన్ని కొత్త కార్లలో బ్రేకు, యాక్సిలరేటరు రెండూ కలిపి తొక్కితే కంప్యూటరే ఇంజను వేగాన్ని తగ్గించేస్తుంది. సెన్నా అయినా ఆ కారులో ఏం చేయలేడు. ఫార్ములా వన్‌లోనే 1989లో ఫెరారీ స్టీరింగు దగ్గరే మీటలు పెట్టి గేరు మార్చే పద్ధతి తెచ్చాక క్రమంగా ఈ పాదాల నాట్యం అక్కడ అవసరం లేకుండా పోయింది.

మరి అక్కరలేని విద్యని మైదానంలో ఎందుకు ప్రయత్నించావు అంటారా? అక్కరలేదని నాకు నేను తెలుసుకోవాలి కాబట్టి. "నీకెందుకులే" అని ఎవరో చెబితే ఊరుకోవడం వేరు, చేసి చూసి "నాకొద్దు" అనుకోవడం వేరు. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఏదైనా "సరిపడా" నేర్పుతారు. బ్యాంకు పని సరిపడా, ఫోను సరిపడా, కారు సరిపడా. సరిపడా అంటే ఎవరికి సరిపడా? పిల్లల్ని బడి దగ్గర దింపడానికి సరిపడా. తర్వాత మనం తడబడితే "లేడీస్ డ్రైవింగ్" అని నవ్వుతారు. సగం నేర్పి, రెండో సగం రాలేదని నవ్వడం ఏం న్యాయం? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం డ్రైవింగు పరీక్షలో అభ్యర్థి ఏమేం చేసి చూపించాలో చెబుతుంది. ట్రాఫిక్‌ని బట్టి పై గేరు నుంచి కింది గేరుకి త్వరగా మారగలగాలని, పల్లం దిగేటప్పుడు కింది గేరుకి త్వరగా మారగలగాలని అందులో విడివిడిగా ఉంది. అంటే కింది గేరుకి దిగడం అనేది లైసెన్సుకి కావలసిన ప్రాథమిక విద్య. మరి నాకెవరూ నేర్పలేదే? నేను లైసెన్సు తీసుకున్న రోజున నన్ను చేయమన్నది ముందుకి వెళ్ళడం, వెనక్కి రావడం.

"ఇవన్నీ ఏల, ఆటోమేటిక్ కారు కొనుక్కుంటే సరి" అంది మా తోటికోడలు. కొనుక్కోగలిగినవాళ్ళు హాయిగా కొనుక్కోండి, నేను కాదనను. కానీ మన ఇంటి ముందు ఇప్పుడున్నది గేర్ల కారు. ఆపద వచ్చిన రాత్రి తోలవలసింది దాన్నే. పైగా ఆటోమేటిక్ అయినా కొండ దిగేటప్పుడు ఈ తెలివి కావాలి. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో కిందికి దిగేటప్పుడు గమనించండి, అది 1944లో వేసిన రోడ్డు. అన్ని మలుపుల్లో బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. కింది గేరులో ఉంచితే ఇంజనే కారుని పట్టుకుని దించుతుంది. ఆ కింది గేరుకి కుదుపు లేకుండా దిగడమే మనం నేర్చుకుంటున్నది.

ఇంకో ఇల్లాలి సంగతి చెబుతాను. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో పుట్టింటికి బయలుదేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్లకి పైన. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు ముక్క వేయించింది. ఇంటికి వచ్చాక భర్తకి చెప్పిన మాటల్లో ఒకటి, ఈ బండి కొండ ఎక్కలేకపోతోంది, దీనికి ఇంకో కింది గేరు కావాలని. అది పెట్టారు కూడా. బండి చేసింది ఆయన. దూరం తోలి, దానికేం తక్కువో చెప్పింది ఆవిడ. ఆవిడ కూడా పుట్టింటికే బయలుదేరిందన్న సంగతి నాకు ఎందుకో చాలా నచ్చింది.

మీరు కూడా మొదలుపెడితే నావి నాలుగు జాగ్రత్తలు. కారు ఆగి ఉన్నప్పుడు ముందు పాదానికి తట్టడం అలవాటు చేయండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండు బ్రేకు వేసి, సూది ఎంత తడితే ఎంత లేస్తుందో చూసుకోండి. రెండోది, నాలుగు నుంచి మూడుకి, మూడు నుంచి రెండుకి మాత్రమే. ఎక్కువ వేగంలో ఉండగా పొరపాటున ఒకటో గేరుకో, మరీ కిందికో వేసి క్లచ్ వదిలితే ఇంజను దెబ్బతింటుంది. మూడోది, మడమ ఎత్తు చెప్పులు, జారే చెప్పులు వద్దు, పాదాల కింద మడతపడే మ్యాటు వద్దు. చీర అయితే కుచ్చిళ్ళు పైకి దోపుకోండి. నాలుగోది, మొదటి వారం వెనక సీట్లో ఎవరినీ కూర్చోబెట్టకండి. కొబ్బరికాయ చాలు.

సంక్రాంతి దాటాక మా ఆయనకి ఒక ఆదివారం తీరిక దొరికింది. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులు. "ఈరోజు అత్తమ్మని నేను తీసుకొస్తాలే, నువ్వు పక్కన కూర్చో" అన్నాడు. జాతర జనం, బండ్లు, అడుగడుగునా గేరు మార్చాల్సి వచ్చింది. మా అమ్మ అల్లుడి ముందు నోరు విప్పే మనిషి కాదు. నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. రెండు చేతులా పిడి పట్టుకుని ఉంది.

ఇంటి ముందు ఆయన దిగి తలుపు తీయడానికి చుట్టూ తిరిగి వచ్చేలోపు, అమ్మ ముందుకి వంగి నా చెవిలో, "పాపా, పోయేటప్పుడు నువ్వే తోలు" అంది.

ఆ మాట ఆయనకి వినపడిందని రాత్రి అన్నాల దగ్గర తెలిసింది. పెరుగు వడ్డించుకుంటూ, నా వైపు చూడకుండా, "ఆ గేరు సంగతేందో రేపు పొద్దున నాక్కూడా చూపించు" అన్నాడు.

చూపిస్తున్నాను. కొత్త కొబ్బరికాయ కొన్నాం. ఇంకా టప్పుటప్పుమంటూనే ఉంది.

మీ లైసెన్సు ఎక్కడుంది? ఈరోజు ఒకసారి చీరల కింద వెతకండి.